రెండు కొలతల స్టడ్డు

మా ఊళ్ళో కారు నడిపే ఆడవాళ్ళలో ఎవరు మా పిన్ని దగ్గర నేర్చుకున్నారో రోడ్డు పక్కన నిలబడి చెప్పేయొచ్చు. ముందు గుంట కనబడగానే, అది అరచేతిలో పట్టేంత గుంటైనా సరే, బండిని దాదాపు ఆపేసి, నిద్రపోతున్న పసిపిల్లని మంచం మీదికి దించినంత మెల్లగా ఒక్కో చక్రాన్నీ దించి ఎక్కించారంటే వాళ్ళు పిన్ని శిష్యురాళ్ళు. వెనకాల హారన్లు గోల పెడుతుంటాయి. వాళ్ళు చెవిన పెట్టరు. "గుంట దగ్గర తొందరపడితే బండి కింద భాగం పోతుంది, నాకు అనుభవమే" అని పిన్ని ఒక్కొక్కరికీ నూరిపోసి పంపించింది.

పిన్ని మా అమ్మకి సొంత చెల్లెలు. ఊరందరికీ మాత్రం క్లచ్ పిన్ని. శిష్యురాలు స్టీరింగు ముందు కూర్చున్న క్షణం నుంచి దిగేదాకా ఆవిడ నోటి నుంచి ఎక్కువగా వచ్చే మాట అదే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత తర్వాత ఫోనెత్తి తనే "నేను, క్లచ్ పిన్నిని" అనడం మొదలుపెట్టింది.

ఆవిడా మా బాబాయీ నడిపిన డ్రైవింగ్ స్కూలంటే ఒక గది, ఒక కారు. గది టైలరు షాపుకీ ఫోటో స్టూడియోకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపల బల్ల మీద సుద్దతో గీసిన నాలుగు రోడ్ల కూడలి, దాని మీద మా చిన్నప్పటి బొమ్మకార్లు, గోడకి ట్రాఫిక్ గుర్తుల పటం. ఎండకి ఆ పటంలో ఎరుపంతా వెలిసిపోయింది. అందులో ఆగమనే గుర్తుని చూస్తే ఆగాలని ఎవరికీ అనిపించదు. కారేమో మీగడ రంగుది. నాకు ఊహ తెలిసేసరికే ఇంట్లో ఉంది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. పక్కన కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. వాటిని బాబాయే పెట్టించాడు.

బాబాయి మగవాళ్ళకి నేర్పేవాడు, పిన్ని ఆడవాళ్ళకి. "ఆయన బండి నేర్పేవాడు. నేను ధైర్యం నేర్పేదాన్ని. బండి వాళ్ళే నేర్చుకునేవాళ్ళు" అంటుంది పిన్ని. అందరూ ఆయన్ని మాస్టారనేవాళ్ళు గానీ, ఆయనకి నేర్పడం కంటే రిపేరు మీద మోజు. పానా చేతికి దొరికితే చాలు, అన్నం సంగతి గుర్తుండేది కాదు. ఒక్కటే చిక్కు. ఏది బిగించినా దాని ప్రాణం పోయేలా బిగించేవాడు. ఆయన మూత పెట్టిన సీసా ఆయనే తీయాలి. ఆయన కట్టేసిన కుళాయిని పిన్ని గుడ్డ చుట్టి, రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగబట్టి తిప్పేది. "వదులుగా ఉంటే నాకు నచ్చదోయ్" అని గర్వపడేవాడు.

కిందటి వానాకాలంలో ఒక ఉదయం టీ తాగుతూ తాగుతూనే ఆయన పోయాడు. వచ్చినవాళ్ళకి టీ పెడదామని ఎవరో వంటింట్లోకి వెళితే పంచదార డబ్బా మూత రాలేదు. ఒకరి తర్వాత ఒకరు ప్రయత్నించారు. అంతవరకూ రాయిలా కూర్చున్న పిన్ని ఆ డబ్బా తీసుకుని ఒళ్ళో పెట్టుకుని అప్పుడు ఏడ్చింది.

రెండు నెలలు కారు బయటికి తీయలేదు. స్కూలు మూసేస్తుందని అందరం అనుకున్నాం. చలికాలం మొదట్లో ఒకరోజు తనే కారు కడిగి, బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టించి, గది తలుపులు తెరిచింది. ఆ రోజే మొదటిసారి ఇంజను ముందు భాగంలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వినబడింది. ఇంజను వేడెక్కాక పోయేది. "చలికి కీళ్ళు పట్టేశాయిలే, నాకు పట్టలేదా" అని పిన్ని కొట్టిపారేసింది. కొన్నాళ్ళకి వేడెక్కినా పోవడం మానేసింది. ఆ తర్వాత ఒకరోజు రైల్వే వంతెన ఎక్కుతుండగా ఠప్పుమని ఏదో విరిగింది. అక్కడి నుంచి మా మీగడ రంగు కారు రోడ్డు రోలర్ గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది.

పిన్ని ఎంత అరిచినా శిష్యురాళ్ళకి వినబడేది కాదు. అందుకని మోకాలి మీద ఒక దెబ్బ వేస్తే క్లచ్, రెండు వేస్తే బ్రేకు అని కొత్త పద్ధతి పెట్టింది. పాఠం అయ్యేసరికి పాపం వాళ్ళ మోకాళ్ళు కందిపోయేవి. ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు కూడా.

ఇంతలో ఏడాదికోసారి చేయించాల్సిన ఫిట్‌నెస్ పరీక్ష వచ్చింది. ఇన్‌స్పెక్టరు చెవుల మీద చేతులు పెట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. మనిషి మంచివాడే. "అమ్మా, దీనికి వయసైపోయింది. పై సోమవారం చప్పుడు లేకుండా తీసుకొస్తే చూస్తాను. లేకపోతే స్కూలు బండిగా దీన్ని ఇంక తిప్పనివ్వను" అన్నాడు. పిన్ని ఆ గోలతోనే బండిని వెనక్కి తోలుకొచ్చేసింది. సాయంత్రం మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే చతికిలబడింది.

"కొత్త బండి కొనే శక్తి లేదే నాకు. ఇది ఆగిపోతే నేనూ ఇంట్లో కూర్చోవాలి. ఆ ఇంట్లో కూర్చుని ఏం చేయనే, గోడలకి క్లచ్ నేర్పనా" అంది నాతో.

నేను పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తాను. విసుక్కోవడం నా ఉద్యోగంలో భాగం. అయినా ఆ మాటకి నాకు విసుగు రాలేదు, భయం వేసింది. పిన్ని ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఆ రెండు నెలలూ నేను చూశాను. పొద్దున చేతిలోకి తీసుకున్న దువ్వెన మధ్యాహ్నం దాకా అలాగే పట్టుకుని ఉండేది. మర్నాడే సెలవు పెట్టేశాను.

ముందు సైలెన్సర్ మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. ఊళ్ళో బళ్ళన్నిటి నోరూ కట్టేసిన ఆయన నోరు కట్టేవాళ్ళు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు. గుసగుసగా చెప్పినా వీధి చివర కుక్క లేచి నిలబడుతుంది. ఆయన కారు కిందికి దూరి, పైకొచ్చి, బానెట్టులో తల పెట్టి, చివరికి చేతులు తుడుచుకున్నాడు.

"సైలెన్సర్ నిక్షేపంలా ఉందక్కా. ఇంజనులోంచి పొగ బయటికొచ్చే ఇనప గొట్టం ఉంది చూడు, మానిఫోల్డు, దాన్ని పట్టుకున్న స్టడ్డు విరిగింది. సందులోంచి పొగ తన్నుకొస్తోంది. అదీ గోల."

స్టడ్డంటే తల లేని బోల్టు. ఒక కొస ఇంజనులోకి దిగుతుంది. రెండో కొస గొట్టం కన్నంలోంచి బయటికొస్తుంది, దానికి నట్టు బిగిస్తారు. అలాంటివి వరసగా ఉన్నాయి. ఒకటి విరిగింది, దాని పక్కదానికి నట్టు రాలిపోయింది, మిగతావి తుప్పు పట్టి ఎలాగో వేలాడుతున్నాయి.

"గుంటలో గానీ దించారా అక్కా?" అని మేస్త్రి మామూలుగానే అడిగాడు. పిన్ని మొహంలో రంగు పోయింది.

గుంట సంగతి ఇక్కడే చెప్పాలి. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక ఏడాది వానలకి రోడ్లు కొట్టుకుపోయాయి. పిన్ని ఎవరికో నేర్పుతూ కారుని నీళ్ళు నిండిన గుంటలో దించేసింది. ధడేలుమంది. బండి అప్పటికి బాగానే ఇల్లు చేరింది. మర్నాడు మధ్యాహ్నం బాబాయి మొహం మాడ్చుకుని వచ్చి, "నువ్వు గుంటలో దించిన దెబ్బకి మానిఫోల్డు కదిలిపోయింది, బండి వారం దాకా లేవదు" అన్నాడట. కొత్తగా పెట్టిన స్కూలు. చేరినవాళ్ళు వెనక్కి పోయారు. ఆ వారమంతా పిన్ని తన చేత్తో స్కూలు కొంప ముంచానని కుమిలిపోయింది. అప్పటి నుంచే గుంట కనబడితే ఆవిడ కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరి కాళ్ళూ అలా పోవడానికి కారణం ఇదీ.

"నేనేం దించలేదు" అంది పిన్ని మేస్త్రితో, నేరం చేసినదానిలా. "ఈసారి నిజంగా దించలేదు."

విరిగిన ముక్క ఇంజనులో ఉండిపోయింది. మేస్త్రి దానికి ఒక నట్టుని వెల్డింగు చేసి, వేడి చేసి, చల్లార్చి, మెల్లగా తిప్పి బయటికి లాగాడు. అది వచ్చేసరికి కరిగి, నలిగి, ఏ ఆకారమూ లేకుండా ఉంది. దాన్ని అవతల పారేసి, కొత్త స్టడ్డు తెమ్మన్నాడు.

పెద్ద స్పేర్ పార్టుల షాపులో కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చుని మోడల్ అడిగాడు, సంవత్సరం అడిగాడు. పిన్ని సొంత బిడ్డ పుట్టినరోజు చెప్పినట్టు నెలతో సహా చెప్పింది. అతను ఒక పొట్లం తెచ్చిచ్చాడు. మేం తీసుకెళితే మేస్త్రి దాన్ని కన్నంలో పెట్టాడు. తండ్రి చెప్పుల్లో పిల్లాడి కాలులా అది అటూ ఇటూ ఆడింది.

వెనక్కి వెళ్ళాం. "ఈ మోడల్‌కి ఇదే సైజు మేడం, ఇంకోటి రాదు" అన్నాడు కుర్రాడు, స్క్రీను మా వైపు తిప్పి చూపిస్తూ. అతను చెప్పింది నిజమే. కాదని పోట్లాడాను. ఒకే కవరు పట్టుకుని నా కౌంటరుకి పదే పదే వచ్చేవాళ్ళని ఇంతకాలం ఎంత చీదరించుకున్నానో అప్పుడు గుర్తొచ్చింది. చివరికి అతను మా పోరు పడలేక ఒక సైజు పెద్దది ఇచ్చాడు. అది ఇంజనులోకి చక్కగా దిగింది. సంబరపడి గొట్టం పెట్టబోతే గొట్టం కన్నంలోంచి అది దూరలేదు.

చిన్నది అక్కడ ఆగదు, పెద్దది ఇక్కడ పట్టదు. మా తలప్రాణం తోకకొచ్చింది.

"గొట్టం కన్నం కాస్త పెద్దది చేసేద్దామా అక్కా?" అన్నాడు మేస్త్రి.

"పాత పోత ఇనుము. పగిలితే ఇంకోటి ఎక్కడ తెస్తావ్?"

"ఇంకోటి దొరకదు కదక్కా."

"అందుకే వద్దంటున్నా" అంది పిన్ని.

మర్నాడు నా స్కూటరు మీద ఊరి చివర పాత ఇనుము యార్డులన్నీ కాళ్ళరిగేలా తిరిగాం. ఒకచోట, తలుపులు లేని వ్యాన్ల వెనకాల, అచ్చం మా కారులాంటిదే కనబడింది. మాది మీగడ రంగు, అది నీలం. అద్దాలు లేవు, సీట్లు లేవు, వెనక భాగంలో ఒక కోడి గుడ్ల మీద పొదిగి కూర్చుంది. పిన్ని యార్డు వాడితో బేరం మొదలుపెట్టకుండా ముందు దాని దగ్గరికి వెళ్ళింది. చీర కొంగుతో బానెట్టు మీద ఒక అరచేయంత మేర తుడిచింది.

"ఇది డాక్టరుగారిదే. ఆవిడ నా దగ్గరే నేర్చుకుంది. మన బండి, ఇదీ ఒకే నెలలో వచ్చాయి. సాయంకాలాలు రెండూ ఎదురుపడితే హారన్లు కొట్టుకునేవాళ్ళం" అంది.

యార్డు వాడు దాని స్టడ్డు ఒకటి విప్పి ఇచ్చాడు. కొలిచి చూస్తే షాపువాడు మొదట ఇచ్చిన సైజే. అంటే కంపెనీ లెక్కలో తప్పు లేదు, కంప్యూటరులో తప్పు లేదు. తేడా అంతా మా కారులోనే ఉంది. తిరిగి వస్తుంటే పిన్ని కొంగుకి అంటిన ఆ బండి దుమ్ముని దులుపుకోలేదు. నాకు ఆ నీలం కారూ కోడీ కళ్ళ ముందు నుంచి పోలేదు. పిన్నికీ అదే కనబడుతూ ఉండాలి.

ఇంక మిగిలింది ఒక్కటే దారి. మిగిలిన పాత స్టడ్లలో ఒకదాన్ని బయటికి తీసి చూడాలి. అది విరిగితే ఉన్నదీ పోతుంది. తీద్దామంటే మేస్త్రే జంకాడు. "నా పూచీ లేదక్కా" అన్నాడు. పిన్ని కాసేపు కారు చుట్టూ తిరిగింది. "తియ్యి" అంది. నూనె పోసి, వేడి చేసి, రెండు నట్లు ఒకదానికొకటి తాళం వేసినట్టు బిగించి, ఆయన తిప్పుతుంటే మేం ఊపిరి కూడా సరిగా తీసుకోలేదు. కదిలింది. వచ్చింది. మసి తుడిచి చూసి ఆయన పెట్టిన కేకకి పక్క షాపులో వాళ్ళు బయటికొచ్చారు.

"ఇదేంటక్కా, ఇది రెండు సైజులు. లోపలి కొస లావు, బయటి కొస సన్నం. కంపెనీది కాదిది. ఎవరో చేయించారు."

పాత బజారులో బోల్టుల షాపు పెద్దాయన దాన్ని కిరసనాయిల్లో ముంచి, కుంచెతో రుద్ది, వెలుతురులో పెట్టి చూశాడు. ఆయన షాపంతా చెక్క సొరుగులే. "ఇలాంటిది నా దగ్గరే కాదు, ఎక్కడా దొరకదమ్మా. సన్న కొసకి పట్టే ఇత్తడి నట్లు మాత్రం ఉన్నాయి, ఇస్తాను. ఇత్తడైతే వేడికీ తుప్పుకీ అతుక్కుపోదు, మళ్ళీ ఎప్పుడైనా విప్పుకోవచ్చు" అన్నాడు. తర్వాత లావూ సన్నమూ కలిసే చోట ఉన్న సన్నని గాడిని గోరుతో చూపించాడు. "ఈ గాడి తీసే అలవాటు లేతు తాతది. వెనక సందులోకి వెళ్ళండి. బతికే ఉన్నాడు."

లేతు మిషను మీద ఇనుము చెక్కే ఆ లేతు తాత బతికే ఉండటం కాదు, నోటితో ముగ్గురి పెట్టు బతుకుతున్నాడు. ఒక కన్నుకి ఆపరేషన్ అయింది, రెండోది వాయిదా వేసుకుంటూ వస్తున్నాడు. స్టడ్డుని చేతిలోకి తీసుకుని, చూడకుండానే వేలితో తడిమి, పిన్ని వైపు తిరిగాడు.

"నువ్వు మాస్టారి భార్యవి."

"ఎలా తెలిసింది?"

"ఇవి చేసి ఇస్తుంటే, మా ఆవిడకి మాత్రం చెప్పకు అని ఎన్నిసార్లు అన్నాడో. అన్నిసార్లు చెప్పొద్దన్న మనిషిని మర్చిపోతామా?" అన్నాడు తాత, మాకు స్టూళ్ళు జరుపుతూ.

పిన్ని కూర్చోలేదు. "ఏం చెప్పొద్దన్నాడు?"

చెప్పొద్దన్న మాట కాబట్టి తాత కాసేపు బెట్టు చేశాడు. మాస్టారే లేరని తెలిశాక గడ్డం గోక్కుని మొదలుపెట్టాడు.

"రోడ్లు కొట్టుకుపోయిన ఏడాదమ్మా. మధ్యాహ్నం ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. బండి గుంటలో పడిందట, దానికేం కాలేదట. అయినా నట్లు ఓసారి చూద్దామని కూర్చున్నాడట. పానాకి గొట్టం ముక్క తగిలించి బిగించాడు. ఇంజను అంచుది మెత్తటి లోహం, ఆగుతుందా? కన్నంలోని మరలు ఊడొచ్చేశాయి. ఒకటి ఊడాక ఆపకూడదా మాస్టారూ అన్నాను. మిగతావి కూడా వదులేమోనని అనుమానమొచ్చిందయ్యా అన్నాడు."

నాకు నవ్వాగలేదు. పిన్ని మొహం చూసి నోరు నొక్కుకున్నాను.

"అన్నీ ఊడగొట్టుకొచ్చాడు. కన్నాలు పెద్దవి చేసి కొత్త మరలు తీశాం. కానీ గొట్టం కన్నాలు చిన్నవి కదా. అందుకని లోపలికి లావు, బయటికి సన్నం పెట్టి ఇవి చేశాను. వారం పట్టింది. ఆవిడకి ఏం చెప్పావు మాస్టారూ అంటే, గుంట మీద పెట్టేశానన్నాడు."

పిన్ని స్టూలు మీద కూర్చుంది. తర్వాత చాలా మామూలు గొంతుతో, "గుంట మీద కాదు, నా మీద పెట్టాడు" అంది. ఒక్కో మాటకీ గొంతు పెరిగింది. "ఇన్నేళ్ళు. ఎన్ని గుంటలు. ఊళ్ళో ఒక్క గుంటని నేను సుఖంగా దాటానా? నా దగ్గర నేర్చుకున్న ఒక్క మనిషిని దాటనిచ్చానా? ఆ బిగించే జబ్బు పెట్టుకుని ఆయన నాకు నీతులు చెప్పాడు. రానీ, ఇంటికి రానీ చెప్తాను."

రానీ అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆగిపోయింది. లేతు గదిలో బెల్టు చప్పుడు తప్ప ఏమీ లేదు. తాత మిషను కట్టేశాడు.

"ఒకసారి చెప్పేద్దామనే అనుకున్నాడమ్మా" అన్నాడు మెల్లగా. "ఆమధ్య ఇక్కడికొచ్చి, మా ఆవిడ ఇప్పుడు గుంటల దగ్గర మరీ జాగ్రత్తగా నడుపుతోంది, నిజం చెబితే ఆ జాగ్రత్త పోతుందేమో, ఉండనీలే అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. తెలిస్తే జీవితాంతం అంటుంది అని."

"అనేదాన్నే. జీవితాంతం అనేదాన్ని. ఆ భాగ్యం కూడా లేకుండా చేశాడు" అంది పిన్ని. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. బాబాయి పోయాక ఆవిడకి ఆయన మీద అంత కోపం రావడం అదే మొదలు. కోపంలో మొహం కళకళలాడిపోయింది. దారి పొడుగునా స్కూటరు వెనక కూర్చుని ఆయన్ని తిడుతూనే ఉంది. చాలాకాలానికి మా పిన్ని నాకు దొరికినట్టయింది.

తాత మొదట చేసిన స్టడ్డు లావు కొస పొట్టిదైపోయింది. "కన్ను మోసం చేసింది" అని దాన్ని పక్కకి విసిరేశాడు. సోమవారం తరుముకొస్తుంటే పిన్ని ఆయన పక్కనే నిలబడి, ఆయన మసక కన్ను వైపు తను కన్నై, కొలిచే పరికరం మీద గీత చదివి చెప్పింది. పాతవాటిని ఒక్కదాన్ని కూడా నమ్మకుండా మొత్తం వరస కొత్తగా చేయించింది. చేసినవన్నీ ఆవిడ గుడ్డలో చుట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చింది.

సైలెన్సర్ మేస్త్రి స్టడ్లు దించాడు, కొత్త ప్యాకింగు పెట్టాడు, గొట్టం ఎక్కించాడు. ఇత్తడి నట్లు బిగించే వేళకి పిన్ని పానా తన చేతిలోకి తీసుకుంది. పానాని కొస దగ్గర కాకుండా మధ్యలో పట్టుకుంది. నడిమివి ముందు, తర్వాత అటొకటి ఇటొకటి, అన్నీ కొంచెం కొంచెంగా బిగిస్తూ వచ్చింది. నట్టు ఆనిన చోట ఇంకాస్త తిప్పి ఆపేసింది.

"ఇంకొంచెం బిగించనా అక్కా? నా చేయి బలం వేరు" అన్నాడు మేస్త్రి.

"చాలు. ఈ బండికి చేతి బలం ఎప్పుడో ఎక్కువైంది" అంది పిన్ని.

తాళం తిప్పింది. ఏమీ వినబడలేదు. మళ్ళీ తిప్పింది, స్టార్టరు కిర్రుమని కేకేసింది. ఇంజను అప్పటికే నడుస్తోంది, మాకెవరికీ తెలియలేదు. మేస్త్రి ఏదో అనబోయి, తన గొంతు ఆ నిశ్శబ్దంలో తనకే ఎక్కువనిపించిందేమో, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. "బాగుందక్కా" అన్నాడు.

సోమవారం ఇన్‌స్పెక్టరు బానెట్టు మీద చేయి పెట్టి చూసి, కిందికి వంగి చూసి, ఇంజను నడుస్తోందా అని ఒకసారి అడిగి, సంతకం పెట్టేశాడు. ఇంకో ఏడాదికి స్కూలు నిలబడింది. గేటు దాటేదాకా పిన్ని నాతో గొప్పలు పోయింది. ఎవరెవరికి ఫోను చేసి రేపటి నుంచి రమ్మనాలో, ఎవరి మోకాళ్ళకి క్షమాపణ చెప్పాలో అంతా ఏకరువు పెట్టింది. పెద్ద రోడ్డెక్కాక మాట తగ్గింది. ఇంకాస్త దూరం పోయాక పూర్తిగా ఆగిపోయింది.

కారు అంత నిశ్శబ్దంగా ఉంటే ఎంత వినబడుతుందో నేను మర్చిపోయాను. ఇండికేటరు టక్కు టక్కుమంటోంది. కిటికీ అద్దం సన్నగా వణుకుతోంది. నా గాజులు కదిలితే నాకే వినబడుతున్నాయి.

"ఇదివరకు ఇలాగే ఉండేదే" అంది పిన్ని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "లెసన్లన్నీ అయ్యాక, ఇంజను చల్లారాలి ఒక చుట్టు తిప్పుకొద్దాం పద అనేవాడు. తిప్పితే ఇంజను చల్లారుతుందా ఎక్కడైనా? నేనూ అడిగేదాన్ని కాదు. నేను నడిపేదాన్ని, ఆయన నువ్వు కూర్చున్నచోట కూర్చుని మాట్లాడేవాడు. ఇల్లు వచ్చేదాకా నోరు మూసేవాడు కాదు. ఎవరు బండి ఎలా నడిపారు, ఎవరు గేటు గుద్దారు, ఏదో ఒకటి."

పిన్ని గేరు మార్చింది.

"ఆయన పోయాక బండి తీసిన రోజు నుంచీ ఏదో ఒక చప్పుడు ఉంటూనే ఉంది. ఆ గోలలో తెలియలేదే. ఇవాళే తెలుస్తోంది."

పిన్ని స్టీరింగు మీంచి చేయి తీయలేదు, కళ్ళు తుడుచుకోలేదు. కన్నీళ్ళు చెంపల మీదికి జారుతున్నా నేరుగా చూస్తూ నడుపుతోంది.

"ఏదైనా మాట్లాడవే" అంది.

సెలవు పెట్టకముందు పోస్టాఫీసులో ఎవరు ఎందుకు పోట్లాడారో చెప్పడం మొదలుపెట్టాను. జిగురు డబ్బాలో వేలు ఇరికించుకున్న పెద్దమనిషి గురించి, పార్సిలు మీద తన అడ్రసు తనే మర్చిపోయిన ఆవిడ గురించి చెప్పాను. పిన్ని ఊఁ కొడుతోంది. ఎక్కడైనా ఆగితే "తర్వాత?" అంటోంది. మా వీధి మలుపు వచ్చింది. పిన్ని బండి తిప్పలేదు, నేరుగా పోనిచ్చింది. ఎక్కడికని నేనూ అడగలేదు, చెప్పుకుంటూ పోయాను.